నువ్వు కారెక్కండి

మా ఇంట్లో భార్యాభర్తలిద్దరం ఒకరినొకరం "మీరు" అనే పిలుచుకుంటాం. పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటినా అదే వరస. రైతుబజారులో "వంకాయలు మీరు ఏరండి, నేను బెండకాయలు చూస్తాను" అని నేనంటే, కూరలమ్మే మనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, వంకాయలు ఒక సంచిలో, బెండకాయలు ఇంకో సంచిలో వేసి ఎవరివి వాళ్లకి ఇచ్చేసిన రోజులున్నాయి. రైల్లో ఎదుటి సీటువాళ్లు మేమిద్దరం ఒకే ఆఫీసులో గుమస్తాలమనుకునేవాళ్లు. నాకదంతా సరదాగా ఉండేది. కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో చెప్పాలి. మా నాన్నకి రామచంద్రపురంలో కిరాణా కొట్టు ఉండేది. ఆ కొట్లో పప్పుల్లో ఎన్ని రకాలున్నాయో పిలుపుల్లోనూ అన్ని రకాలుండేవి. భూములున్న ఆసామి గుమ్మం ఎక్కితే "దయచేయండి". బ్యాంకు గుమస్తా వస్తే "రండి రండి". కూలిపని చేసుకునే మనిషి వస్తే, ఆయన వయసులో మా నాన్నకంటే ఎంత పెద్దవాడైనా సరే, "ఏరా, ఏం కావాలి?" ఈ మూడు అరల్లోనూ ఇమడని మనిషి ఒకాయన ఉండేవారు. పేటలో ఉండే మాష్టారు. దళిత క్రైస్తవులు. తెల్ల పంచె, చంకలో గొడుగు, చేతిలో నూనె సీసా. చదువుకున్నవారు కాబట్టి ఆయన్ని "ఏరా" అనడానికి వీల్లేదు. పేటవారు కాబట్టి "రండి" అనడానికి మా నాన్నకి మనసొప్పదు.

తెలుగులో ఇదొక తంటా. ఎదుటి మనిషి గురించి ఒక్క క్రియ పలికితే చాలు, అతనికి మనమిచ్చే తాహతు ఎంతో ఆ క్రియ చివర బయటపడిపోతుంది. అందుకని మా నాన్న ఆ మాష్టారితో క్రియలు మింగేసి మాట్లాడేవాడు. "ఆఁ, మాష్టారు! నూనేనా? ఎంత? సీసా ఇటు. ఇంకా? పంచదార? సరే." అంతే. బేరం మొదలు నుంచి చివరిదాకా ఒక్క "రండి" గానీ, ఒక్క "రా" గానీ నోట్లోంచి జారకుండా నెగ్గుకొచ్చేవాడు. శనగపప్పు బస్తాల వెనకాల కూర్చుని నేనా విద్యంతా చూస్తుండేవాణ్ణి. మనిషి నాలిక మీద కులం ఎక్కడ కూర్చుంటుందో నాకు పుస్తకాలు చెప్పలేదు. మా కొట్టు చెప్పింది.

ఆ మాష్టారి ఒక్కగానొక్క కూతురు నా భార్య. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. మా వాళ్లెవరూ రాలేదు. సంతకాలయ్యాక బయట వరండాలో ఆవిడతో, "నేను మిమ్మల్ని జీవితాంతం మీరు అనే పిలుస్తాను" అన్నాను. సభల్లో మాట్లాడే గొంతుతోనే అన్నాను; అప్పట్లో నాకు వేరే గొంతు లేదు. పక్కనే నిలబడ్డ మామగారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. ఆ అద్దాలకి దుమ్మేమీ లేదు.

కాబట్టి ఆ "మీరు" మా ఇంట్లో ఉత్తి మర్యాద కాదు. దాని వెనక ఒక లెక్క సరిచేయడం ఉంది. ఇప్పటికీ అది తప్పని నేననుకోను.

ఈ ఎండాకాలంలో మా అత్తగారు పోయారు. మాకు పిల్లలు లేరు. మామగారు పోయాక ఆవిడ మా దగ్గరే ఉన్నారు. తల్లీకూతుళ్లు పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్లు. "ఏమే, నా మందుబిళ్లలెక్కడ పెట్టావే?" "నీ తలగడ కింద చూసుకోవే అమ్మా!" "నువ్వే తీసుంటావు. నీకు చిన్నప్పట్నుంచీ మతిమరుపు." హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయిన మనిషిని ఊరంతా "టీచరుగారండీ" అంటుంటే, ఆ ముసలావిడ మాత్రం తడిబట్టలు ఆరెయ్యలేదని చీవాట్లు పెట్టేది.

సమాధి చేసి వచ్చిన వారానికి, వంటింట్లో తల్లి కంచం కడిగి బోర్లిస్తూ నా భార్య అన్నారు:

"ఏవండీ, ఇక నన్ను నువ్వు అనేవాళ్లు ఎవరూ మిగల్లేదండి."

అలాంటి మాట విన్నప్పుడు మనిషన్నవాడు ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. "నువ్వు" అన్నది ఈ డెల్టాలో ఎవరు ఎవర్ని అన్నారో, ఆడవాళ్లనీ పాలేళ్లనీ పశువుల్నీ ఒకే మాటతో ఎలా తోలారో, గౌరవం వేరు, మమకారం వేరు కాదని, వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆవిడ మొత్తం విని, "మీరు చెప్పింది నిజమేనండి" అని చెయ్యి తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయారు. ఆ మాటతో మా ఇంట్లో చర్చ ముగుస్తుంది. గెలిచింది నేను కాదని కూడా దాంతోనే తెలుస్తుంది.

ఆ తర్వాత ఆవిడ మాటలు తగ్గిపోయాయి. చర్చిలో పాటల జట్టుకి వెళ్లడం మానేశారు. దుఃఖంలో ఉన్నవాళ్లకి చెప్పడానికి నమ్మకమున్నవాళ్ల దగ్గర మాటలుంటాయి. అమ్మ దేవుడి దగ్గరికి వెళ్లింది, మళ్లీ కలుస్తావు, అంటారు. నా దగ్గర అలాంటివి లేవు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నాస్తికుడు ఇవ్వగలిగిందేముంటుంది? కారు టైర్లలో గాలి చూయించి, పెట్రోలు నింపించాను. "వర్షాలు తగ్గాయి. కొండల మీది ఊళ్లు చూసొద్దాం రండి" అన్నాను. ఎందుకని కూడా అడగకుండా ఆవిడ ఫ్లాస్కులో టీ పోశారు.

*

మాది బల్లపరుపు నేల. ఇంటి స్థలం కొనేవాడు మా వైపు మొదట అడిగేది "మెరకా, పల్లమా?" అనే. మెరక అంటే మూరెడు ఎత్తు. అక్కడికి వరదనీరు రాదని ధైర్యం. కాలవగట్టు ఎక్కితే మాకు ప్రపంచమంతా కనిపించినట్టే. అందుకే గోకవరం దాటాక, రోడ్డు చివర నీలంగా ఏదో లేచి నిలబడితే, నా భార్య మొదట మబ్బనుకున్నారు.

"వానొచ్చేలా ఉందండి."

"అది కొండండి."

"అంత మెరకే!" అన్నారు. వారాల తర్వాత ఆ గొంతులో కొంచెం ఉత్సాహం వినిపించింది.

రంపచోడవరం దాటి అడవిలోకి వెళ్లాక అద్దాలు దించాం. తడిసిన ఆకుల వాసన, ఎక్కడో కాల్చిన పుల్లల పొగ. మలుపు మలుపుకీ పక్కన ఒక వాగు కనిపించి మాయమవుతోంది. కొండవాలు మీద నాలుగైదు ఇళ్లు, వెదురు దడులు, ఎర్రమన్ను అలికిన అరుగులు, పైన పెంకులు, వాటి మీద పాకిన గుమ్మడి తీగ. తర్వాత మళ్లీ అడవి. తర్వాత ఇంకో నాలుగిళ్లు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య ఇంత చెట్టూ చేమా ఉండటం మాకు కొత్త. మా వైపు ఒక ఊరి చివరి ఇల్లు పక్క ఊరి మొదటి ఇంటి గోడని ఆనుకునే ఉంటుంది.

చూడటానికి చాలా బాగుంది. బాగుందని ఊరుకోవడానికి నాకు మనసు రాలేదు. "ఇక్కడ పురుడొస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారండి? ఈ వాగు పొంగితే బడికి పంతులు ఎలా వస్తాడు? మనవాళ్లు కార్లాపి ఫొటోలు తీసుకుని, బొంగు చికెన్ తిని, ఖాళీ సీసాలు పారేసి..."

"కాసేపు చూడనివ్వండి" అన్నారామె. "వెళ్లాక రాద్దురుగాని."

నేను గేరు మార్చాను. కొంతదూరం పోయాక ఆవిడే మాట కదిపారు.

"మీకెప్పుడూ చెప్పలేదు. ప్రార్థనలో దేవుణ్ణి మేం నీవు అంటాం. తెలుసుగా?"

"తెలుసు."

"మీ అమ్మగారు వాళ్ల దేవుణ్ణి ఏమనేవారు?"

"నువ్వే దిక్కు, నువ్వే కాపాడాలి, అనేది."

"అంటే సృష్టికర్తకి నువ్వు. ఆయన లేడని ఊరూరా ఉపన్యాసాలిచ్చే మీకు మాత్రం మీరు."

"అది నేనడిగి పుచ్చుకున్నది కాదు. మీరు కూడా నన్ను నువ్వు అనొచ్చని మొదటిరోజే చెప్పాను."

"నాకు నోరు తిరగదండీ. పిలిస్తే దేవుడు పలుకుతాడంటే నవ్వుతారుగాని, పిలుపులో ఏదో ఉంటుందండి." ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "మా అమ్మ ఏమే అంటే, నేను ఏడేళ్ల పిల్లనయిపోయేదాన్ని. ఇప్పుడు ఒకేసారి పెద్దదాన్నయిపోయానండి. అదే నా బాధ. ఇంకేం కాదు."

సభలో అయితే దీనికి నా దగ్గర జవాబుండేది. ఘాటు రోడ్డు మీద హారన్ కొట్టి మలుపు తిప్పాను.

*

మారేడుమిల్లి దాటాక ఒకచోట మట్టిరోడ్డు ఎడమకి చీలి పైకి వెళ్తోంది. "అటు పోనివ్వండి" అన్నారు. పోనిచ్చాను. కొంచెం పైకెక్కాక దారి ఇరుకైపోయింది. ఎదురుగా ఆవుల్ని తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. చేతికర్రతో బానెట్టు మీద చిన్నగా తట్టి, నాకేసి చూసి అన్నాడు:

"నువ్వు పక్కకి తియ్యి. గొడ్లు బెదురుతాయి."

అరవై దాటిన వయసులో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సొంత కారులో కూర్చున్న నన్ను పరాయి మనిషి "నువ్వు తియ్యి" అన్నాడు. మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. మాటల్లో హెచ్చుతగ్గులు పోవాలని జీవితమంతా రాసిన మనిషిని. పోయినచోట మొదట చివుక్కుమన్నది నాకే. పక్కన కూర్చున్న నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఎందుకా నవ్వు?"

"ఏం లేదండి. మీరు కోరుకున్న సమాజం వచ్చిందిగా. పక్కకి తియ్యండి."

తీశాను. కారు అక్కడే చెట్టుకింద పెట్టి నడవడం మొదలుపెట్టాం. అది నిటారు దారి. ఆవిడ ముందు, నేను వెనక. మోకాళ్లు నావే మొరాయించాయి. ఒక రాతి మీద కూర్చుండిపోయి, "మీరు నడుస్తుండండి, నేనొస్తాను" అన్నాను. ఆవిడ మలుపు తిరిగి ఊళ్లోకి వెళ్లిపోయారు.

కాసేపటికి నేను చేరేసరికి, మొదటి ఇంటి అరుగు మీద మా ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. పక్కన తెల్లజుట్టు పెద్దావిడ, బక్కగా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో. అరుగు మీద టీ గ్లాసులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక గిన్నెలో ఉడకబెట్టిన కర్రపెండలం ముక్కలు గుట్టగా ఉన్నాయి. ఇద్దరికి ఎక్కువ.

పెద్దావిడ నన్ను చూసి, నా వెనక్కి చూసింది. మెడ సాచి దారి మలుపుదాకా చూసింది.

"మిగతావోళ్లేరి?"

"ఎవరూ లేరండి. నేనొక్కణ్ణే."

"నీ పెళ్లాం 'వస్తన్నారు, వస్తన్నారు' అంది. టీ పెట్టేశాను అందరికీ."

నా భార్య ముఖం చూశాను. అర్థమైంది. ఆవిడ మా అలవాటు కొద్దీ "మావారు వస్తున్నారండి, పాపం అలిసిపోయారు" అని ఉంటారు. ఆ పెద్దావిడ చెవికి "వస్తున్నారు" అంటే ఒకరికంటే ఎక్కువమంది. ఒక్క మనిషి అయితే "వస్తున్నాడు". లెక్క సరిగ్గానే ఉంది. మాదే లెక్కలేనితనం.

"ఆయనేనమ్మా అందరూనూ" అంది నా భార్య. అని నవ్వింది.

ఇక్కడ "నవ్వారు" అని రాయబోయి ఆగాను. ఆ నవ్వుకి బహువచనం అతకలేదు. ఇంతకుముందు ఎన్నడో రిజిస్ట్రారు ఆఫీసుకి ముందు రోజుల్లో విన్న నవ్వు అది. ఇక్కడి నుంచి నేను "అంది" అనే రాస్తాను.

పెద్దావిడ అదనపు గ్లాసుల్లో టీని తనకొకటీ, పక్కింటి గోడ మీంచి చెయ్యి చాపిన ఆడమనిషికొకటీ పంచేసి, నా భార్య వైపు తిరిగింది.

"ఇంత ఎండలో నెత్తిన గుడ్డ కూడా లేకుండా ఎక్కేశావేం? బుద్ధుందా నీకు? ఈ చెప్పులేంటి? జారితే ఎవరు మోస్తారు, ఈ ముసలోడు మోస్తాడా?"

"లేదమ్మా, మోయలేడు."

"మరి? తిను. అది కాదు, ఆ ముక్క పీచు. ఇది తిను నువ్వు."

రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్ బుద్ధిగా ఆ ముక్క తీసుకుంది. బడిలో ఆమె గొంతు వింటే పిల్లలే కాదు, తోటి పంతుళ్లు కూడా సర్దుకుని నిలబడేవాళ్లు. ఇప్పుడు తలొంచుకుని చీవాట్లు తింటోంది, ఎంత ఇష్టంగా తింటోందంటే, నేను వేరే వైపు చూడాల్సొచ్చింది.

ఫోను తీశాను. అరుగు, ఎర్ర గోడ, వెనక కొండ, వాళ్లిద్దరూ. ఎండ కళ్లలో పడుతోందని, "మీరు కొంచెం ఇటు జరగండి" అన్నాను నా భార్యతో. పెద్దావిడ కూడా జరిగింది. "ఇంకొంచెం జరగండి." ఇద్దరూ జరిగారు. "కాదు కాదు, మీరు ఒక్కరే." పెద్దావిడ ఆగిపోయి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇద్దర్నీ జరగమంటావు, ఒక్కరే అంటావు. ఎవర్ననేది నువ్వు?"

"ఆమెని."

"ఆమెనైతే మీరంటావేం? అలిగావా?"

అక్కడితో నేను ఫోను దించేశాను. వాదం నన్ను పిలిచింది, నేను పలికాను. మా వైపు మగవాళ్లు భార్యల్ని ఎలా పిలుస్తారో, నేను దాన్ని ఎందుకు ఒప్పుకోలేదో మొదలుపెట్టాను. రెండో వాక్యం పూర్తికాకముందే ఆమె లేచి, పెరట్లో ఆరబోసిన కందుల మీదికొచ్చిన కోడిని తోలడానికి వెళ్లిపోయింది. తిరిగొచ్చాక నా వైపు కాకుండా నా భార్య వైపు చూసి, "ఏంటంటాడు?" అంది.

నాకు బదులు నా భార్య చెప్పింది. నేను కలగజేసుకోలేదు. కొట్టు గురించి చెప్పింది. నూనె సీసా గురించి, తన తండ్రి గొడుగు గురించి, "ఈయన నాన్న మా నాన్నని ఒక్కసారి కూడా రండి అనలేదమ్మా" అని చెప్పింది. కొట్టునుంచి ఇంటికొచ్చి ఆయన కాసేపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదని చెప్పింది. అది నాకు తెలియదు. కొట్టువైపు నుంచి నేను చూసింది గుమ్మందాకానే. "అందుకని ఈయన నాకు మాటిచ్చారమ్మా. ముప్ఫై ఏళ్లుగా తప్పలేదు. మా నాన్న ఎంత సంతోషించారో!" అంది. గొంతులో నిజమైన గర్వం ఉంది. నా తరఫున ఏ సభలోనూ ఎవరూ అంత బాగా వాదించలేదు.

పెద్దావిడ అంతా విని తలూపింది.

"మంచిదే. ఆ మాట మీ నాయనకి రావాల్సింది గదా. ఆయనకి ఇచ్చాడా?"

"ఇచ్చారు. ఆయన్నీ మీరు అనేవారు."

"మరయితే అయిపోయింది గదా" అందామె. "నీకు రావాల్సింది నీకియ్యమను."

అని, ఇదేదో పెద్ద మాట అన్నట్టు కాకుండా, ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు నా భార్యకి అడ్డాకుల్లో చుట్టిన పసుపుకొమ్ములు తెచ్చింది. "మీ అమ్మకియ్యి" అంది. ఏమనుకుని అందో! నా భార్య ఆ పొట్లం రెండు చేతులతో తీసుకుని, "అమ్మ పోయిందమ్మా, వేసవిలో" అంది.

పెద్దావిడ ఆ పొట్లం మీద ఊడిన అడ్డాకుని మళ్లీ మడిచింది. తర్వాత, "సరే. నువ్వే వాడుకో. ఏడవకు. దిగేటప్పుడు చూసుకుని దిగు, తడి ఉంది" అంది.

*

కారు దగ్గరికి దిగేసరికి కొండల మీద మబ్బు కిందికి జారి చెట్ల మధ్య చేరింది. నా భార్య వాగులో కాళ్లు కడుక్కుంటోంది. నేను కారు తలుపు పట్టుకుని నిలబడి, లోపల్లోపల మాట సర్దుకుంటున్నాను. ఒక్క మాట. రెండక్షరాలు. ఈ డెల్టాలో ప్రతి మొగుడూ పొద్దున్న లేవగానే ఆలోచించకుండా అనేసే మాట. గొంతు సవరించుకున్నాను.

"నువ్వు కారెక్కండి."

ఆమె నీళ్లలో నిలబడి వెనక్కి తిరిగింది.

"ఏమన్నారు?"

"అదే... చీకటి పడేలోపు... నువ్వు..."

"నువ్వు ఎక్కండా? ఇదేం వ్యాకరణమండీ? మా బడిలో అయితే బెంచీ ఎక్కించేదాన్ని." వాగు గట్టు మీద కూర్చుండిపోయి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక ఆమె కళ్లు తుడుచుకుంది, అవి నవ్వు నీళ్లేనా అని నేనడగలేదు.

"నాకు రావడం లేదు" అన్నాను. "నిజంగా. నాలిక తిరగడం లేదు."

"తెలుస్తోంది. నాకూ అలాగే ఉంటుంది, మిమ్మల్ని అనమంటే."

"ఇంకోటి కూడా ఉంది. నేను నువ్వు అని, మీరు మీరు అంటే, వినేవాళ్లకి మనం ఎలా కనిపిస్తాం? ఏ కామందు ఇంట్లో చూసినా అదేగా వరస. మొగుడికి అండి, పెళ్లానికి ఏమే. దేన్ని తిట్టి ఇన్నేళ్లు రాశానో, నేను సరిగ్గా అదే..."

"అవును" అంది. "అలాగే కనిపిస్తాం."

ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. కాళ్లు తుడుచుకుని, చెప్పుల్లో పెట్టుకుంది.

"పోనీ ఇంట్లో అంటాను" అన్నాను. "మనిద్దరమే ఉన్నప్పుడు."

"దొంగచాటుగానా?" ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. "ఇదేమన్నా తప్పు పనా? నమ్మింది నలుగురి ముందూ చెయ్యలేనివాడి నమ్మకం ఉత్తిదని మీరే కదా అంటారు. మా అమ్మ నన్ను చర్చి మెట్ల మీద కూడా ఏమే అని కేకేసేది. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి ఉండేది కాదు. ఇస్తే అలా ఇవ్వండి. లేకపోతే వద్దు, ఇప్పుడున్నది బాగానే ఉంది. నేనేం అలగను."

కారెక్కి కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఘాటు దిగేంతసేపూ నేను మలుపులే చూశాను. పసుపు వాసన కారంతా నిండింది.

*

రంపచోడవరంలో ఒక టిఫిన్ హోటలు ముందు ఆగాం. కొండలు చూసి కిందికి దిగుతున్న కార్లు చాలా ఉన్నాయి. కూర్చున్నామో లేదో, పక్క బల్ల దగ్గర్నుంచి ఒకాయన లేచి చేతులు జోడించి వచ్చాడు. మావైపు మనిషే. కాలేజీలో పాఠాలు చెబుతాడట. నా వ్యాసాలు చదువుతాడట.

"నమస్కారమండి. మిమ్మల్ని ఇక్కడ చూస్తాననుకోలేదండి. మేడమ్‌గారూ, నమస్కారమండి." నాకెదురుగా కుర్చీ లాక్కున్నాడు. "భార్యాభర్తల పిలుపుల మీద మీరు రాసింది మా క్లాసులో చదివి వినిపించానండి. మగపిల్లలంతా గొడవ. ఆడపిల్లలు మాత్రం చప్పట్లండి! మా ఇంట్లో కూడా మొదలుపెట్టాను. నేను మా ఆవిణ్ణి మీరు అంటున్నానండి ఇప్పుడు."

"సంతోషమండి" అన్నాను. నిజంగా సంతోషమే. అతని భార్య పక్క బల్ల దగ్గర పూరీ తింటూ మావైపు చూసి నవ్వింది. వాళ్ల ఇంట్లో ఆ మాట కొత్తగా వచ్చింది. అది అక్కడ చెయ్యాల్సిన పని చాలా ఉంది.

సర్వరు వచ్చి నిలబడ్డాడు. కాలేజీ ఆయన నాకేసే చూస్తున్నాడు. నా భార్య తలుపు బయట కొండ మీద వెలుతురు తగ్గడం చూస్తోంది. నాకు సాయం చేసే ఉద్దేశం ఆమెకి లేదు, అడ్డం పడే ఉద్దేశమూ లేదు. అడగకపోయినా ఏమీ అనదు. అది నాకు తెలుసు. నేను సర్వరుతో "రెండు టీ" అనేస్తే సరిపోతుంది. మా నాన్న అయితే అలాగే గట్టెక్కేవాడు, క్రియ లేకుండా.

నేను ఆమె వైపు తిరిగాను.

"నువ్వు టీ తాగుతావా?"

గట్టిగానే వచ్చింది. కాలేజీ ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉండి, కళ్లు మాత్రం నా మీంచి ఆమె మీదికి, ఆమె మీంచి నా మీదికి వెళ్లొచ్చాయి. వివరణ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇవ్వడానికి నా దగ్గర కావాల్సినంత ఉంది: కొట్టు ఉంది, నూనె సీసా ఉంది, చరిత్ర ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. ఒక్క ముక్క చెప్పినా, ఆమె కోసం అన్న ఆ మాట మళ్లీ నాదైపోతుంది. చెప్పలేదు.

నా భార్య నింపాదిగా ఇటు తిరిగింది. ముందు నన్ను చూసింది. తర్వాత సర్వరుని చూసింది.

"తాగుతానండి" అంది. "పంచదార తక్కువ వెయ్యమనండి. అల్లం ఉంటే దంచి వెయ్యమనండి. ఆకలేస్తోంది, నాకో పెసరట్టు కూడా చెప్పండి."